జైలు గేటు బయట మొదటి రెండు వారాలు: ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్స ఎక్కడ తెగిపోతోంది?

శిక్ష ముగిసి మనిషి ఎప్పుడు బయటికొస్తాడా అని ఇంట్లోవాళ్లు రోజులు లెక్కపెట్టుకుంటారు. ఆ మనిషికి ఓపియాయిడ్ (హెరాయిన్, నల్లమందు లాంటి మత్తుమందు) వ్యసనం ఉంటే, బయటికొచ్చిన రోజు నుంచి మొదలయ్యే రెండు వారాలే అతని ప్రాణానికి పెద్ద గండం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999 జూలై నుంచి 2003 డిసెంబర్ వరకు జైళ్ల నుంచి విడుదలైన 30,237 మంది వివరాలను పరిశోధకులు మరణాల రికార్డులతో సరిచూశారు. 2007లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, విడుదలైన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం మిగతా జనంతో పోలిస్తే 12.7 రెట్లు ఎక్కువ. మత్తుమందుల ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదమైతే ఏకంగా 129 రెట్లు.

జైలుకి వెళ్లేవాళ్ల ఆరోగ్యం ముందునుంచే అంతంతమాత్రం కదా, మామూలు జనంతో పోల్చడం సరైనదేనా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే 2010లో మరో పరిశోధక బృందం పలు దేశాల అధ్యయనాలను కలిపి, విడుదలైనవాళ్లను విడుదలైనవాళ్లతోనే పోల్చింది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉన్న ముప్పుతో పోలిస్తే, మొదటి రెండు వారాల్లో మత్తుమందుల వల్ల చనిపోయే ముప్పు 3 నుంచి 8 రెట్లు ఎక్కువని తేలింది. మనుషులు వాళ్లే, అలవాట్లు అవే. గేటు దాటి ఎన్ని రోజులైంది అన్నదొక్కటే తేడా.

ఈ మరణాల్లో చాలావాటిని ఆపే మందులు దశాబ్దాలుగా మన దగ్గరున్నాయి. అవి జైల్లో ఎందుకు అందడం లేదు, అందిన చోట కూడా విడుదల రోజున ఎందుకు తెగిపోతున్నాయి అన్నదే ఈ వ్యాసం విషయం.

తట్టుకునే శక్తి పోతుంది, కోరిక పోదు

హెరాయిన్, మార్ఫిన్, నల్లమందు, ఫెంటానిల్, ట్రమడాల్, ఆక్సికోడోన్ అన్నీ ఓపియాయిడ్లే. మెదడులో ఇలాంటి రసాయనాలను అందుకునే మ్యూ రిసెప్టర్లకు అతుక్కుని ఇవి పనిచేస్తాయి. నొప్పి తగ్గడం, హాయిగా అనిపించడం, ఊపిరి నెమ్మదించడం, ఈ మూడూ అక్కడి నుంచే వస్తాయి. రోజూ తీసుకుంటూ పోతే మెదడు దానికి సర్దుకుంటుంది. మొదట్లో మత్తెక్కించిన డోసు కొన్నాళ్లకు చాలదు. అదే సమయంలో ఊపిరిని నడిపే భాగం కూడా కొంత అలవాటుపడుతుంది. కొత్తవాడిని చంపేసే మోతాదు తీసుకుని కూడా పాతవాడు లేచి తిరగగలిగేది అందుకే. దీన్నే టాలరెన్స్ అంటారు.

మానేసిన కొద్ది రోజుల్లోనే టాలరెన్స్ తగ్గడం మొదలవుతుంది, వారాలు గడిచేకొద్దీ దాదాపు పూర్తిగా పోతుంది. కోరిక మాత్రం అలా పోదు. ఏ వీధిలో దొరికేది, ఎవరితో కలిసి తీసుకున్నది, ఏ బాధ నుంచి అది తప్పించింది, ఇవన్నీ మెదడులో బలంగా నాటుకుపోయి ఉంటాయి. జైల్లో ఆ వీధి కనిపించదు కాబట్టి కోరిక అణిగినట్టు ఉంటుంది. బయటికి రాగానే అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. మనిషి తన పాత డోసే తీసుకుంటాడు, ఎందుకంటే అతనికి గుర్తున్నది అదే. శరీరం ఇప్పుడు ఆ డోసును తట్టుకోలేదు. ఊపిరి నెమ్మదిస్తుంది, పెదవులు నీలం రంగుకు తిరుగుతాయి, ఆ తర్వాత ఊపిరి ఆగిపోతుంది. చాలాసార్లు ఆ సమయంలో పక్కన ఎవరూ ఉండరు. మళ్లీ మొదలుపెట్టానని ఎవరికీ తెలియకూడదని ఒంటరిగా, తలుపు వేసుకుని తీసుకుంటారు.

దీనికి తోడు, అతను లోపల ఉన్న కాలంలో బయటి సరుకు మారిపోయి ఉండొచ్చు. హెరాయిన్ కంటే ఫెంటానిల్ దాదాపు 50 రెట్లు శక్తిమంతమైనది. హెరాయిన్ అనుకుని కొన్నదాంట్లో అది ఎంత కలిసిందో అమ్మేవాడికే తెలియదు. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ఊపిరి ఆగే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

"ఏడాదిగా ముట్టుకోలేదు, మారిపోయాడు" అని కుటుంబం సంతోషపడుతుంది. జైలు అధికారులు కూడా నిజాయతీగా అదే నమ్ముతారు. ఓపియాయిడ్ల విషయంలో మందుల అండ లేకుండా గడిచిన ఆ ఏడాదే అతని ముప్పును పెంచింది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా బోధపడుతుంది.

మానిపించడం వేరు, చికిత్స వేరు

ప్రపంచంలో చాలా జైళ్లలో ఇప్పటికీ జరిగేది ఒకటే. అరెస్టయి వచ్చినవాడికి మత్తుమందు ఆగిపోతుంది, ఒళ్లు తిరగబడుతుంది, దాన్ని అతను అనుభవించి తీరాలి. హెరాయిన్ అయితే ఆఖరి డోసు తీసుకున్న 8 నుంచి 12 గంటల్లో విత్‌డ్రాయల్ మొదలై, రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు, ఒళ్లంతా నొప్పులు, వణుకు, కంటిమీద కునుకు లేకపోవడం, భరించలేని ఆందోళన. ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ ప్రాణం తీయదని ఒక పాత నమ్మకం ఉంది. జైలు గదిలో అది నిజం కాదు. రోజుల తరబడి వాంతులు, విరేచనాలు అవుతున్న మనిషికి సెలైన్ ఎక్కించకపోతే ఒంట్లో నీరు, లవణాలు అడుగంటి చనిపోతాడు. అలాంటి మరణాలు నమోదయ్యాయి కూడా. మొదటి రోజుల్లో ఆత్మహత్య ప్రమాదం కూడా ఎక్కువే.

ఆ పది రోజులూ గడిచాక అతని ఒంట్లో మత్తుమందు ఉండదు, వ్యసనం మాత్రం అలాగే ఉంటుంది. ఇంతవరకు జరిగింది మానిపించడమే. దాన్ని చికిత్స అనుకోవడం వల్లే సగం నష్టం జరుగుతోంది.

ఓపియాయిడ్ వ్యసనానికి నిరూపితమైన మందులు మూడు ఉన్నాయి. అన్నిటికంటే పాతది మెథడోన్. 1930ల చివర్లో జర్మనీలో తయారైంది. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే వైద్యులు దీన్ని హెరాయిన్ వ్యసనానికి వాడి ఫలితం చూపించారు. ఇదీ ఓపియాయిడే, కానీ నోటి ద్వారా తీసుకుంటే నెమ్మదిగా ఎక్కి రోజంతా నిలుస్తుంది. సరైన డోసు మీద ఉన్న మనిషికి మత్తూ ఉండదు, విత్‌డ్రాయల్ కూడా ఉండదు. పనికి వెళ్లొచ్చు, పిల్లల్ని చూసుకోవచ్చు.

రెండోది బ్యుప్రెనార్ఫిన్. ఇది అదే రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకుంటుంది కానీ సగమే ప్రేరేపిస్తుంది. డోసు పెంచినా ఒక స్థాయి దాటాక ఊపిరి మీద ప్రభావం పెద్దగా పెరగదు, అందుకే మెథడోన్ కంటే భద్రమైనది. ఇది రిసెప్టర్‌ను పట్టుకుని ఉండగా హెరాయిన్ తీసుకున్నా పెద్దగా ఎక్కదు. ఫ్రాన్స్ 1990ల మధ్యలో మామూలు డాక్టర్లు కూడా దీన్ని రాసివ్వడానికి వీలు కల్పించింది. 1995 నుంచి 1999 మధ్య ఆ దేశంలో హెరాయిన్ ఓవర్‌డోస్ మరణాలు 79 శాతం తగ్గాయి. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మూడోది నాల్ట్రెక్సోన్. ఇది ఓపియాయిడ్ కాదు. రిసెప్టర్లను పూర్తిగా మూసేస్తుంది. నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ రూపంలో వాడతారు. మొదలుపెట్టాలంటే ముందు వారం పది రోజులు ఒంట్లో ఓపియాయిడ్ ఏదీ ఉండకూడదు. బయట చాలామంది ఆ వారం దాటలేక అక్కడే ఆగిపోతారు, జైల్లో ఆ అడ్డంకి సహజంగానే తొలగిపోయి ఉంటుంది. జైలు అధికారులకు నాల్ట్రెక్సోన్ మీద మొగ్గు ఎక్కువ ఉండడానికి ఇదొక కారణం. దీంట్లో మత్తు లేదు, దాచి అమ్ముకోవడానికి ఏమీ ఉండదు అన్నది ఇంకో కారణం.

అమెరికాలో కేసులు, పెరోల్ నేపథ్యం ఉన్న 308 మందితో జరిగి 2016లో ప్రచురితమైన ప్రయోగంలో, నాల్ట్రెక్సోన్ తీసుకున్నవాళ్లలో ఆరు నెలల్లో 43 శాతం మంది తిరిగి వ్యసనంలో పడ్డారు, తీసుకోనివాళ్లలో 64 శాతం. మంచి ఫలితమే. కానీ ఇంజెక్షన్లు ఆపేసి ఏడాది గడిచేసరికి, మూత్ర పరీక్షల్లో రెండు గుంపుల మధ్య తేడా లేకుండా పోయింది. మూడు మందుల్లో ఏది సరిపోతుందో డాక్టరూ రోగీ కలిసి తేల్చుకోవాలి. మాకు నచ్చింది ఇదొక్కటే, ఇదే ఇస్తాం అని జైలు అనడం వైద్యం కాదు.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తారా?"

ఈ మాట అనేవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. వ్యసనం వల్ల నాశనమైన కుటుంబాలను చూసినవాళ్లే ఎక్కువగా అంటారు. కాబట్టి దీనికి ఓపిగ్గా జవాబు చెప్పాలి.

మందు ఆపితే శరీరం ఇబ్బంది పడటం ఒక సంగతి. మత్తు కోసం ఇల్లు, ఒళ్లు, ఉద్యోగం అన్నీ తగలేసుకోవడం వేరే సంగతి. మెథడోన్ మీద ఉన్న మనిషికి మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. రోజుకు నాలుగైదుసార్లు ఎక్కుతూ దిగుతూ, ప్రతి ఆరు గంటలకోసారి తర్వాతి డోసు కోసం పరుగెత్తే బతుకు ఆగిపోతుంది. ఆ పరుగు ఆగితేనే మిగతా ఏ మార్పుకైనా చోటు దొరుకుతుంది.

చావుబతుకుల లెక్క కూడా అటే చూపిస్తుంది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2017లో వచ్చిన ఒక విశ్లేషణలో, మెథడోన్ చికిత్సలో ఉన్నప్పుడు ఏడాదికి ప్రతి వెయ్యి మందికి సుమారు 11 మరణాలుంటే, చికిత్స మానేసిన కాలంలో 36 ఉన్నాయి. మరణాలు ఎక్కువగా గుమిగూడింది మానేసిన మొదటి నాలుగు వారాల్లో. జైలుకి రాకముందు మెథడోన్ మీద బాగానే ఉన్న మనిషిని తీసుకొచ్చి, "ఇక్కడ అవి ఇవ్వం" అని ఆపేసే పద్ధతి ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. షుగర్ ఉన్న ఖైదీకి ఇన్సులిన్ ఆపేస్తే ఊరంతా గగ్గోలు పెడుతుంది. ఇక్కడ మాత్రం అదే పని క్రమశిక్షణ పేరుతో చెల్లిపోతోంది.

జైలు లోపల

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2000 నుంచి 2012 వరకు జైలుకి వెళ్లిన 16,000 మందికి పైగా ఓపియాయిడ్ బాధితుల వివరాలను పరిశీలించారు. జైల్లో మెథడోన్ గానీ బ్యుప్రెనార్ఫిన్ గానీ అందుతున్న సమయంలో, అక్కడ చనిపోయే ముప్పు 74 శాతం తక్కువగా ఉంది. లోపలికొచ్చిన మొదటి నాలుగు వారాలు మాత్రమే చూస్తే 94 శాతం తక్కువ. విడుదలకు నెల ముందు చూసుకుందాంలే అనే ఆలోచన ఎంత తప్పో ఈ రెండో అంకె చెబుతుంది. చికిత్స అరెస్టయిన రోజే మొదలవ్వాలి. పైగా జైళ్లలో చాలామంది విచారణ ఖైదీలు. ఎప్పుడు బెయిల్ వస్తుందో, ఎప్పుడు కోర్టు నుంచే నేరుగా ఇంటికి పోతారో ఎవరికీ తెలియదు. వాళ్లకు "విడుదలకు నెల ముందు" అన్న రోజే ఉండదు.

మొదలుపెట్టే పద్ధతి మనిషి స్థితిని బట్టి మారుతుంది. నిన్నటిదాకా హెరాయిన్ వాడినవాడికి బ్యుప్రెనార్ఫిన్ ఇవ్వాలంటే విత్‌డ్రాయల్ కొంత మొదలయ్యేదాకా ఆగాలి. తొందరపడి ఇస్తే అది రిసెప్టర్ల మీదున్న హెరాయిన్‌ను ఒక్కసారిగా తోసేసి తీవ్రమైన విత్‌డ్రాయల్ తెస్తుంది. ఏడాదిగా ఏమీ తీసుకోని ఖైదీకి ఆ సమస్య లేదు, కానీ టాలరెన్స్ కూడా లేదు. అతనికి మెథడోన్ 5 మిల్లీగ్రాముల్లాంటి చిన్న డోసుతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకుంటూ పోవాలి. మెథడోన్ ఒంట్లో పేరుకుంటుంది, తొందరపడితే మందే ప్రమాదమవుతుంది. బయట పనిచేసే డోసు సాధారణంగా 60 నుంచి 120 మిల్లీగ్రాములు. అక్కడికి చేరాలంటే వ్యవధి కావాలి. ఇప్పుడు ఒంట్లో ఏమీ లేదు కదా, చికిత్స దేనికి అని డాక్టర్లే అడగడం కద్దు. విడుదలయ్యాక తిరిగి పడిపోయే ముప్పు ఉన్నవాళ్లకు ముందే మొదలుపెట్టాలన్నదే ఆ ప్రశ్నకు జవాబు.

జైలు అధికారుల అసలు భయం వేరే. నాలుక కింద పెట్టిన బ్యుప్రెనార్ఫిన్ కరగడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఆలోగా దాన్ని దాచి బయటికి తెచ్చి అమ్ముకుంటారని, బలహీనుడి దగ్గర బలవంతుడు లాక్కుంటాడని అంటారు. ఇది కల్పన కాదు, నిజంగా జరుగుతుంది. డోసు ఇచ్చేచోట సిబ్బందిని ఉంచడం, పొడిగా చేసి ఇవ్వడం, తర్వాత నీళ్లు తాగించి నోరు చూడటం లాంటి పద్ధతులతో చాలావరకు అదుపు చేస్తున్నారు. వారానికో నెలకో ఒకసారి చర్మం కింద ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ వచ్చాక ఈ సమస్య ఇంకా తగ్గింది. అమెరికాలో నెల ఇంజెక్షన్‌కు 2017లో అనుమతి వచ్చింది. న్యూ సౌత్ వేల్స్ జైళ్లలో ఇలాంటి ఇంజెక్షన్లను పరీక్షించి వాడుకలోకి తెచ్చారు. నర్సుల సమయం మిగులుతుంది, మందు చేతులు మారదు. ఇంకో లాభం కూడా ఉంది, దాని గురించి కింద చెబుతాను. ఇక్కడ ఒక్క మాట అనాలి. లోపల దొంగచాటుగా బ్యుప్రెనార్ఫిన్ కొనేవాళ్లలో చాలామంది విత్‌డ్రాయల్ బాధ తట్టుకోలేక కొంటారు. చికిత్స అందరికీ అందితే ఆ బేరం చాలావరకు పడిపోతుంది.

సూదుల సంగతి కూడా ఉంది. జైల్లో మత్తుమందు దొరుకుతుంది, సూదులు దొరకవు. ఒకే సూది పదిమంది చేతులు మారుతుంది. 1993లో స్కాట్లాండ్‌లోని గ్లెనోకిల్ జైల్లో అలా హెచ్‌ఐవీ వ్యాపించింది. మందుల మీద ఉన్నవాళ్లు సూది జోలికి పోవడం తగ్గుతుంది కాబట్టి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ తగ్గుతాయి. గర్భిణి ఖైదీల విషయంలో అయితే రెండో ఆలోచనే అక్కర్లేదు. మందు ఒక్కసారిగా ఆపితే కడుపులో బిడ్డకే ప్రమాదం. మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్ కొనసాగించడమే ప్రామాణిక వైద్యం.

గేటు దగ్గర

అమెరికాలోని బాల్టిమోర్‌లో దాదాపు 200 మంది పురుష ఖైదీలతో జరిగిన ప్రయోగం ఈ విషయంలో నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లను లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి జైల్లో కౌన్సెలింగ్, విడుదలప్పుడు ఫలానా చోటికి వెళ్లమన్న సలహా. రెండో గుంపుకి కౌన్సెలింగ్‌తో పాటు, బయటికి రాగానే మెథడోన్ క్లినిక్‌లో నేరుగా చోటు. మూడో గుంపుకి జైల్లోనే మెథడోన్ మొదలుపెట్టి బయట అదే కొనసాగించారు. విడుదలయ్యాక ఏడాదిలో చికిత్సలో గడిపిన రోజులు సగటున మొదటి గుంపుకి 23, రెండో గుంపుకి 91, మూడో గుంపుకి 166. ఏడాది చివర మూత్ర పరీక్షలో ఓపియాయిడ్లు కనిపించినవాళ్లు మొదటి గుంపులో 66 శాతం, రెండో గుంపులో 49 శాతం, మూడో గుంపులో 25 శాతం. బయట తలుపు తెరిచి ఉంచడం మంచిదే. లోపలే మొదలుపెట్టి చేయి పట్టుకుని ఆ తలుపు దాటించడం దానికంటే చాలా మెరుగు.

చికిత్స తెంచేయడం వల్ల జరిగే నష్టాన్ని అమెరికాలోనే రోడ్ ఐలండ్ రాష్ట్రంలో కొలిచారు. బయట మెథడోన్ తీసుకుంటూ జైలుకి వచ్చినవాళ్లలో కొందరికి అది కొనసాగించి, మిగతావాళ్లకు జైలు మామూలు నియమం ప్రకారం తగ్గించి ఆపేశారు. విడుదలైన నెలలోపు తిరిగి క్లినిక్‌కి వెళ్లినవాళ్లు కొనసాగించిన గుంపులో 96 శాతం, ఆపేసిన గుంపులో 78 శాతం. జైలు ఆపేసిన మందును బయట మళ్లీ పట్టుకోవడానికి ప్రతి ఐదుగురిలో ఒకరు వెళ్లనే లేదన్నమాట. అంత బాధపడి మానేశాక మళ్లీ మొదలుపెడితే, మరోసారి అరెస్టయినప్పుడు మళ్లీ అదే నరకం అనే భయం వాళ్లలో ఉంటుంది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే.

2016లో అదే రోడ్ ఐలండ్ తన జైళ్లన్నిటిలో మూడు మందులనూ అందుబాటులోకి తెచ్చింది. వచ్చిన ప్రతి ఒక్కరినీ పరీక్షించడం, ముందునుంచి మందు మీద ఉన్నవాళ్లకు కొనసాగించడం, లేనివాళ్లకు మొదలుపెట్టడం, విడుదలయ్యేనాటికి బయటి క్లినిక్‌తో ముడిపెట్టడం, అంతా ఒకే వ్యవస్థ కింద జరిగింది. 2016 మొదటి ఆరు నెలల్లో రాష్ట్రంలోని 179 ఓవర్‌డోస్ మరణాల్లో 26 మంది అంతకుముందు ఏడాదిలోపు జైలు నుంచి వచ్చినవాళ్లు. 2017 మొదటి ఆరు నెలల్లో 157 మరణాల్లో అలాంటివాళ్లు 9 మంది. అంటే మొత్తం ఓవర్‌డోస్ మరణాల్లో వాళ్ల వాటా 61 శాతం తగ్గింది. చిన్న రాష్ట్రం, చిన్న అంకెలు, ముందూ వెనకా పోల్చిన లెక్క. దీన్ని లాటరీ ప్రయోగంతో సమానంగా చూడలేం. కానీ బాల్టిమోర్ ఫలితంతో, కింద చెప్పే ఇంగ్లండ్ ఫలితంతో పక్కన పెట్టి చూస్తే దిశ ఒకటే.

ఇంగ్లండ్‌లో 39 జైళ్ల నుంచి విడుదలైనవాళ్లను పరిశీలిస్తే, విడుదల నాటికి మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్ మీద ఉన్నవాళ్లలో మొదటి నెల మరణాలు 75 శాతం, మత్తుమందుల వల్ల మరణాలు 85 శాతం తక్కువ. అదే అధ్యయనంలో ఇంకో విషయం కూడా ఉంది. దాన్ని జనం తక్కువగా ప్రస్తావిస్తారు. మొదటి నెల తర్వాత రెండు గుంపుల మధ్య మరణాల్లో తేడా కనిపించలేదు. జైలు ఇచ్చిన రక్షణ మొదటి నెల దాటించింది, ఆ తర్వాతి రక్షణ బయటి వ్యవస్థ ఇవ్వాలి.

గేటు దగ్గర జరిగే చిన్న చిన్న వైఫల్యాలే ఇక్కడ ప్రాణాలు తీస్తాయి. శుక్రవారం సాయంత్రం విడుదల చేస్తారు, సోమవారం దాకా క్లినిక్ తెరవరు. మెథడోన్ మీద ఉన్నవాడికి రెండు రోజులు మందు లేకపోతే విత్‌డ్రాయల్ వస్తుంది. వీధిలో మత్తుమందు మాత్రం ఎప్పుడూ దొరుకుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2023లో చేసిన చట్టం ప్రకారం, శుక్రవారం పడే విడుదలలను ఒకటి రెండు పనిదినాలు ముందే చేసేయొచ్చు. చూడటానికి క్యాలెండర్ సర్దుబాటే, కానీ దాని వెనక ఎన్నో మరణాల అనుభవం ఉంది. గుర్తింపు కార్డు గడువు ముగిసి ఉండటం, ఫోన్ లేకపోవడం, బస్సు ఛార్జీకి డబ్బు లేకపోవడం, జైలు డాక్టర్ రాసిన కాగితాలు బయటి క్లినిక్‌కి చేరకపోవడం, ఇవన్నీ ఆ కోవకే చెందుతాయి. నెల ఇంజెక్షన్‌కి ఉన్న ఇంకో లాభం ఇక్కడే తెలుస్తుంది. విడుదలకు ముందు రోజు వేయించుకుంటే, అపాయింట్‌మెంట్ తప్పినా మొదటి కొన్ని వారాలు ఒంట్లో రక్షణ ఉంటుంది.

ఇక డబ్బు. అమెరికాలో పేదల వైద్య బీమా అయిన మెడికెయిడ్, 1965లో మొదలైనప్పటి నుంచీ జైల్లో ఉన్నవాళ్ల వైద్యానికి దాదాపు ఏమీ చెల్లించదు. లోపల బీమా ఆగిపోతుంది, బయటికొచ్చాక తిరిగి మొదలవ్వడానికి వారాలు పడుతుంది. ప్రమాదం మొదటి రెండు వారాల్లోనే ఉంది. 2023 జనవరిలో కాలిఫోర్నియాకు, విడుదలకు ముందు 90 రోజుల వరకు కొన్ని సేవలకు మెడికెయిడ్ చెల్లించే మినహాయింపు దొరికింది. అలాంటి అనుమతి పొందిన మొదటి రాష్ట్రం అదే.

విడుదలయ్యే ప్రతి ఒక్కరి చేతిలో, వాళ్ల ఇంట్లోవాళ్ల చేతిలో ఉండాల్సింది ఇంకొకటుంది, నాలోక్సోన్. ఓపియాయిడ్ వల్ల ఆగిపోతున్న ఊపిరిని కొద్ది నిమిషాల్లో తిరిగి నడిపించే మందు. ముక్కులో కొట్టే స్ప్రేగా దొరుకుతుంది, వాడటానికి వైద్య శిక్షణ అక్కర్లేదు. దాని పనితనం 30 నుంచి 90 నిమిషాలే, ఆ తర్వాత మత్తుమందు మళ్లీ పైచేయి సాధించవచ్చు. అందుకే స్ప్రే కొట్టి వెంటనే అంబులెన్స్ పిలవాలి, మనిషి పక్కనే ఉండాలి. స్కాట్లాండ్ 2011 నుంచి జైలు నుంచి వెళ్లేవాళ్లకు నాలోక్సోన్ ఇస్తోంది. అంతకుముందు అక్కడి ఓపియాయిడ్ మరణాల్లో 9.8 శాతం జైలు నుంచి వచ్చిన నాలుగు వారాల్లోపు జరిగేవి. 2011 నుంచి 2013 మధ్య అది 6.3 శాతానికి తగ్గింది.

బయట, నెలల తరబడి

మొదటి నెల గడిచాక వచ్చే చిక్కులు అంత నాటకీయంగా ఉండవు, కానీ చికిత్సను మెల్లగా తెంచేస్తాయి. మెథడోన్ కోసం రోజూ క్లినిక్‌కి రావాలంటే, ఉదయం షిఫ్టులో కుదిరిన కొత్త ఉద్యోగం పోతుంది. కొన్నిచోట్ల పెరోల్ అధికారులు, కోర్టులు ఈ మందులను కూడా మత్తుగానే లెక్కగట్టి మానేయమంటారు. ఒక్కసారి జారితే మళ్లీ జైలే అన్న షరతు ఉన్నచోట, జారినవాడు డాక్టర్‌కి కూడా చెప్పడు. వ్యసనంలో జారడం సాధారణం. చెప్పుకోగలిగితే డోసు సరిచేస్తారు. దాచుకోవాల్సి వస్తే ఒంటరిగా గదిలో తీసుకుంటాడు. పెరోల్ షరతులు రాసేవాళ్లు ఈ తేడాను ఎదురుగా పెట్టుకుని రాయాలని నా గట్టి అభిప్రాయం.

ఎన్నాళ్లు వాడాలి అన్నది కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న. కొందరికి సంవత్సరాలు, కొందరికి జీవితాంతం. "ఇంకా ఆ మందులేనా" అని ఇంట్లోవాళ్లు సతాయించడం వల్ల మానేసేవాళ్లున్నారు, మానేసిన తర్వాతి వారాలే మళ్లీ ప్రమాదకరం. బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోయినవాళ్లకు ఎలా గుర్తుచేస్తామో అలాగే గుర్తుచేస్తే చాలు. ఇల్లు, పని, తోడు, డిప్రెషన్‌కి వైద్యం, ఇవన్నీ కావాలి. కానీ ఇవన్నీ కుదిరేదాకా మందు ఆపి ఉంచడం, కౌన్సెలింగ్‌కి రాలేదని మందు నిరాకరించడం రెండూ తప్పే.

హక్కు సంగతి

ఖైదీలకు బయటి సమాజంలో దొరికే ప్రమాణంలోనే వైద్యం అందాలని, మత్తుమందుల వ్యసనం సహా చికిత్సలో కొనసాగింపు ఉండాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 24వ నియమం చెబుతుంది. న్యాయస్థానాలూ మెల్లగా అటే వస్తున్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2018లో, మెయిన్ రాష్ట్రంలో 2019లో ఫెడరల్ కోర్టులు, జైలుకి వెళ్లబోతున్న వ్యక్తులకు వాళ్లు అప్పటికే తీసుకుంటున్న మందు కొనసాగించాలని ఆదేశించాయి. 2022లో అమెరికా న్యాయశాఖ, ఈ మందులు వాడుతున్నవాళ్లకు వాటిని నిరాకరించడం వైకల్యాల చట్టాన్ని ఉల్లంఘించడమే కావచ్చని స్పష్టంగా రాసింది. డబ్బున్న దేశాలకే ఇది సాధ్యమన్న వాదన నిలవదు. ఇరాన్ 2000ల తొలినాళ్లలోనే తన జైళ్లలో మెథడోన్ మొదలుపెట్టి విస్తరించింది. ఢిల్లీ తీహార్ జైల్లో 2008లో బ్యుప్రెనార్ఫిన్ చికిత్స మొదలైంది.

అయినా చాలా జైళ్లలో పరిస్థితి మారకపోవడానికి ఒక కారణం లెక్కల్లోనే ఉందని నాకనిపిస్తుంది. లోపల చనిపోతే జైలు జవాబు చెప్పాలి, విచారణ జరుగుతుంది. గేటు దాటిన తొమ్మిదో రోజు చనిపోతే అది ఏ అధికారి ఖాతాలోనూ పడదు. జైలుకి అతను విడుదలైన ఖైదీ, బయటి ఆరోగ్యశాఖకు ఇంకా పేరు నమోదు కాని రోగి. ఏ జైలైనా మా దగ్గర వ్యసన చికిత్స ఉందని చెబితే, ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారని అడగడంతో సరిపెట్టకూడదు. పోయిన నెల విడుదలైన ఓపియాయిడ్ రోగుల్లో ఎంతమంది వారంలోపు బయటి క్లినిక్‌లో తర్వాతి డోసు తీసుకున్నారు, ఎంతమంది చేతిలో నాలోక్సోన్ పెట్టి పంపారు, 28 రోజుల తర్వాత ఎంతమంది బతికున్నారు అని అడగాలి. జైళ్ల శాఖ, ఆరోగ్యశాఖ ఈ మూడు అంకెలనూ కలిసి లెక్కగట్టి, ప్రతి నెలా బయటపెట్టాలి.